మన గెడ్డలా, కటికా, గండికోటా, సంధాన్ లోయా? విజయనగరం, శ్రీకాకుళం నుంచి లోయ నడకకి ఎటు వెళ్లాలి

దసరా దాటి వానలు కాస్త వెనక్కి తగ్గాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, జలపాతం ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేసేది కాదు, రెండు కొండల మధ్య నుంచి నీళ్ల వెంట నడిచే చోటు ఏదైనా చెప్పు." అడిగేవాళ్లలో సగం మంది గండికోట ఫొటోలు చూసి ఉంటారు, మిగతా సగం మహారాష్ట్రలోని సంధాన్ లోయ రీల్ ఏదో చూసి ఉంటారు. సీతంపేట పేరు చెబితే మాత్రం "అక్కడేముంది, పిక్నిక్కే కదా" అని తీసిపారేస్తారు. ప్రతి ఒక్కరికీ అరగంట ఫోన్లో చెప్పే బదులు ఒక్కసారి రాసి పడేస్తే పోతుందని కూర్చున్నా.

నేను ఉండేది విజయనగరం, అత్తారిల్లు శ్రీకాకుళం. కాబట్టి దూరాలూ సెలవులూ ఈ రెండు ఊళ్ల ఆర్టీసీ కాంప్లెక్సుల నుంచే లెక్క వేస్తున్నా. హైదరాబాద్ నుంచి చదివేవాళ్లకి ఈ లెక్క పనికిరాదు, వాళ్లకి గండికోట మనకంటే చాలా దగ్గర.

ముందే ఒకటి చెప్పేస్తా. లోయ ఎంచుకునేటప్పుడు అది ఎంత అందంగా ఉందని కాదు నేను చూసేది. లోపలికి దిగాక బయటికి దారి ఎటు, ఆ నీళ్లు ఎక్కడ పడిన వానవి, ఈ రెండే అడుగుతా. కొండ ఎక్కేటప్పుడు ఓపిక అయిపోతే వెనక్కి దిగిపోవచ్చు, దిగడం తేలిక. లోయలో అంతా తలకిందులు. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు దిగుతాం, సత్తువ అయిపోయాక ఎక్కాలి. అందుకే నా దగ్గర ఒక మొరటు లెక్క ఉంది: దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు పక్కన పెట్టుకుని, పొద్దుగూకడానికి ఇంకో గంట మిగిలేలా చూసుకుంటా. అలా కుదరకపోతే సగంలోనే వెనక్కి. ఈ విషయంలో నాతో వచ్చినవాళ్లందరూ నన్ను తిట్టుకున్నారు, తిట్టుకోనివ్వండి.

ఇక మన గెడ్డలు. కొండ మీంచి దిగే వాగుని మా వైపు గెడ్డ అంటాం.

నిన్నమొన్నటిదాకా సీతంపేట శ్రీకాకుళం జిల్లా, సాలూరు విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్‌లో రెండూ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి గానీ మా నోళ్లలో ఇంకా పాత లెక్కే నడుస్తోంది. సీతంపేట వైపు మెట్టుగూడ, సున్నపుగెడ్డ, సాలూరు వైపు ఒడిశా సరిహద్దు దగ్గర లొద్ద, ఇవీ అందరికీ తెలిసిన పేర్లు. శ్రీకాకుళం నుంచి పాలకొండ మీదుగా సీతంపేట బస్సు ఉంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. మెట్టుగూడ రోడ్డుకి దగ్గర, పిల్లాపాపలతో వెళ్లొచ్చు, కార్తీక మాసం ఆదివారాల్లో మాత్రం వనభోజనాల జనంతో కిటకిటలాడుతుంది. ఆ రోజుల్లో నీళ్లలో ఒట్టి కాళ్లతో దిగొద్దు, అడుగున ఏ సీసా పెంకు ఉందో కనపడదు.

ఇక్కడ గండికోటలా నిట్టనిలువు గోడలు ఉండవు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి, ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అది ఎండకీ వానకీ తేలిగ్గా శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది, అందుకని లోయ గోడలు వాలుగా, చెట్లతో నిండిపోయి ఉంటాయి. దానికి తగ్గట్టు గెడ్డ అడుగున పెద్ద పెద్ద బండలు దొర్లి పడి ఉంటాయి. నడక అంటే ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి, మధ్యలో మోకాలి లోతు నీళ్లలోకి, మళ్లీ పైకి. అరకిలోమీటరుకి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. మ్యాప్‌లో చూసి "ఇంతేనా" అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇవి ఎందుకు మంచివంటే, చాలాచోట్ల గోడ వాలుగా ఉంటుంది కాబట్టి ఏదైనా అయితే పక్కకి ఎక్కి బయటపడే వీలుంటుంది. చెడ్డవి ఎందుకంటే, నీళ్లు మనకి కనపడని కొండ మీంచి వస్తాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒకసారి సిరిమానోత్సవం అయిన వారం, మేం నలుగురం సీతంపేట దాటి లోపల ఒక గెడ్డలో ఉన్నాం. నెత్తి మీద ఎండ. నేను బూట్లు విప్పి బండ మీద పెట్టి, మడుగులో కాళ్లు ముంచుకుని కూర్చుని జంతికలు తింటున్నా. పై వాలులో కొండచీపురు కోస్తున్న ఒక సవర గిరిజన ముసలాయన కిందికి చూసి, "బాబూ, ఆకులు వస్తన్నాయి, పైకి రండి" అన్నాడు. నాకు అర్థం కాలేదు. గెడ్డలో ఆకులు రాక ఏం వస్తాయి? అప్పుడు నీళ్లకేసి చూశా. అప్పటిదాకా అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్న నీళ్లు పలచటి టీ రంగులోకి తిరిగాయి. ఎండుటాకులు, పుల్లలు, తెల్లటి నురగ గుంపులుగా వస్తున్నాయి. కాలి మడమ దగ్గర ఉన్న నీళ్లు, నేను లేచి నిలబడేలోపు పిక్కల దాకా వచ్చాయి. జంతికల కవరు పట్టుకున్నా గానీ బూట్లు మర్చిపోయా. ముసలాయన నిలబడ్డ చోటికి ఎక్కి వెనక్కి చూస్తే నా కుడి బూటు ఒక్కటే బండ అంచున ఊగుతూ ఉంది, కాసేపటికి అదీ పోయింది. మా నెత్తిన ఒక్క చుక్క పడలేదు, వాన పైన ఎక్కడో పడింది. అక్కణ్ణుంచి రోడ్డు దాకా తువ్వాలు రెండు ముక్కలు చేసి కాళ్లకి చుట్టుకుని నడిచా.

అందుకే రంగు మారడం, ఆకులు పుల్లలు గుంపుగా రావడం, నీటి చప్పుడు ఉన్నట్టుండి బరువెక్కడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా సామాను వదిలేసి పక్కకి ఎక్కాలి. కిందికి, అంటే వచ్చిన దారిన పరిగెత్తకూడదు, నీళ్లు మనకంటే జోరుగా వస్తాయి. ఇంకోటి, మన గెడ్డలు బాగుండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే రోజులు కూడా అవే. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. వాతావరణం చూసేటప్పుడు మన ఊరి వాన చూసి ఊరుకోకండి, రాయగడ, గుణుపురం వైపు ఏం పడుతోందో చూడండి. నాగావళీ వంశధారా రెండూ ఒడిశా కొండల నుంచే వస్తాయి. తుపాను హెచ్చరిక వస్తే గెడ్డ ఆలోచన మానేయండి, బేరాలు లేవు.

ఏనుగుల సంగతి కూడా చెప్పాలి. ఒడిశా నుంచి వచ్చిన గుంపులు పార్వతీపురం, సీతంపేట వైపు కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి. బయలుదేరేముందు సీతంపేటలో టీ తాగుతూ ఇవాళ ఎటువైపు ఉన్నాయని అడిగితే చాలు, టీ కొట్టు దగ్గర ఆ కబురు లేకుండా ఉండదు. అడవి శాఖ వాళ్లు అటు వద్దంటే వద్దు. గూడ, అంటే గిరిజన పల్లె, మీదుగా వెళ్లేటప్పుడు అక్కడి కుర్రాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకెళ్లి, రోజు కూలి కంటే ఎక్కువే ఇవ్వండి. దారి చూపించినందుకే కాదు, చీలమండ మెలిక పడితే మిమ్మల్ని మోసేది వాళ్లే. ఆ కొండల్లో రోడ్డు లేని గూడల్లో గర్భిణుల్నే డోలీలో మోసుకొస్తున్నారు, సరదాకి వెళ్లిన మనం వాళ్లకి ఇంకో డోలీ కాకూడదు కదా.

సోమవారం వెళ్తే సీతంపేట సంత కూడా చూడొచ్చు. అనాస కాయల కాలమైతే సంచీ నిండా తెచ్చుకోండి.

అనంతగిరి వైపు, అంటే బొర్రా, కటికి

మొదటిసారి వెళ్లేవాళ్లెవరికైనా నేను చెప్పేది ఇదే. విజయనగరం వాళ్లు కొత్తవలసలోనో శృంగవరపుకోటలోనో పొద్దున్న కిరండూల్ రైలు ఎక్కితే, శివలింగపురం దాటాక ఘాట్ మొదలవుతుంది, సొరంగం వెనక సొరంగం, మధ్యలో కిటికీ కింద లోయ. ఈ లైను మొత్తం మీద 58 సొరంగాలు. అద్దాల బోగీ కోసం ఆరాటపడక్కర్లేదు, మామూలు బోగీ తలుపు దగ్గరి కిటికీ చాలు, తలుపులో మాత్రం నిలబడొద్దు.

బొర్రా గుహల్లో నడక నడక కాదు, మెట్లూ లైట్లూ ఉన్న దారి. కానీ లోయ ఎలా పుడుతుందో కళ్లతో చూడాలంటే అక్కడికి వెళ్లాల్సిందే. అది సున్నపురాయి, గోస్తనీ నీళ్లు దాన్ని కరిగించుకుంటూ పోయాయి. పైన గుహ, కింద నది. అదే గోస్తని కిందికి దిగి మన గంట్యాడ దగ్గర తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి గట్టు మీద సాయంత్రం షికారు చేసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి గుర్తుంటుందో!

అసలు నడక కటికి జలపాతానిది. బొర్రా నుంచి జీపు మాట్లాడుకుని కొంత దూరం వెళ్లాక మిగతాది కాలినడకన ఎక్కాలి. జీపు దారి ఎంత గతుకులంటే, నా సలహా అడిగితే రానుపోను నడిచేయండి, నడుము మిగులుతుంది. దారిలో బొంగు చికెన్ అమ్ముతుంటారు. వెళ్లేటప్పుడు చెప్పి పెట్టి వచ్చేటప్పుడు తినాలి, తిని ఎక్కితే అది మీరు ఎక్కడం కాదు, చికెన్ని మోయడం. సెలవు రోజుల్లో జనం ఉంటారు, అది నాకు నచ్చదు గానీ కొత్తవాళ్లకి అదే రక్ష. దారి తప్పరు, పడితే లేపేవాళ్లుంటారు. సాయంత్రం తిరుగు రైలు ఆలస్యమైనా కంగారు పడకుండా, మెయిన్ రోడ్డు మీదికి జీపులో వచ్చి శృంగవరపుకోట బస్సు పట్టుకునే ఆలోచన ముందే పెట్టుకోండి.

లోటు ఒక్కటే. "రెండు గోడల మధ్య ఉన్నాను" అన్న అనుభూతి ఇక్కడ రాదు. అడవి, వాగు, ఎక్కుడు, అంతవరకే.

గండికోట

ఆ అనుభూతి కావాలంటే కడప జిల్లాకి పోవాలి. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండల్ని పెన్న కోసేసిన చోటు. గండి పడిన చోట కట్టిన కోట కాబట్టి గండికోట. అక్కడి రాయి క్వార్ట్‌జైట్, గట్టిది, అట్టలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. అందుకే మన ఖొండలైట్‌లా మట్టి కాకుండా దిమ్మలు దిమ్మలుగా విరిగి, గోడ నిలువుగా నిలబడింది. లోతు దాదాపు 300 అడుగులు అంటారు. అంచున నిలబడితే లోతు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, అరికాళ్లే చెబుతాయి.

మనకి మాత్రం దూరం. విశాఖ నుంచి కడప వెళ్లే తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కడప నుంచి జమ్మలమడుగు బస్సు, అక్కణ్ణుంచి ఆటో. రానుపోను కలిపి నాలుగు రోజులు పెట్టుకుంటేనే సుఖం. అంత దూరం వెళ్లి చేసే నడక ఎంత అంటే, నిజం చెప్పాలంటే కొంచెమే. కోటలో మాధవరాయ ఆలయం, రంగనాథుడి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చుట్టి, బండల మీదుగా అంచు దాకా పోవడం, ఇది పూటలో అయిపోతుంది. కింద నీటి దాకా దిగాలని అందరికీ ఉబలాటమే. దిగే చోట్లలో దారి అంటూ ఉండదు, వదులు దిమ్మల మీంచి చేతులూ కాళ్లూ ఉపయోగించి దిగాలి, పైగా దిమ్మ కదిలితే పక్కవాడి మీదికి పోతుంది. తెలిసిన స్థానికుడు వెంట లేకుండా నేను దిగను, మిమ్మల్నీ దిగమనను. ఇక్కడ పక్కకి ఎక్కి తప్పించుకునే వాలు లేదు. దిగిన చోటే ఎక్కాలి.

వరద భయం మన గెడ్డలంత ఉండదు, అంచు మీద నడిచేవాళ్లకి అసలే ఉండదు. ఇక్కడ శత్రువు ఎండ. సీమ ఎండకి బండ కాలుతుంది, కాలిన బండ సాయంత్రం దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. మార్చి దాటాక వెళ్లొద్దు, డిసెంబరు జనవరి మంచిది, అప్పుడు కూడా మనిషికి మూడు లీటర్ల నీళ్లు. మన వైపు అలవాటు ప్రకారం చిన్న సీసా పట్టుకుని "గెడ్డలో తాగేద్దాం" అనుకుంటే కుదరదు, అంచు దగ్గర బండల మీద గుక్కెడు నీళ్లు దొరికే చోటు లేదు. రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే ఎండ గండిలోకి దిగడం చూడాలి. అది చూడకుండా మధ్యాహ్నం కారులో వచ్చి సెల్ఫీ దిగి పోయేవాళ్లని చూస్తే నాకు జాలి. అంచున చాలాచోట్ల ఒట్టి రాయే, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పిల్లల్ని చెయ్యి వదలొద్దు.

సంధాన్ లోయ

లోయ అడుగున నడవడం అంటే అసలైన అర్థంలో ఇదీ. మహారాష్ట్రలో భండార్‌దరా దగ్గర సామ్రద్ అనే ఊరి పక్కన నేల చీలినట్టు ఉంటుంది. నల్లటి బసాల్ట్ గోడలు రెండు వైపులా వందల అడుగులు లేచి, కొన్నిచోట్ల ఎండ కూడా లోపలికి సరిగా రాదు. మధ్యలో చల్లటి నీటి మడుగులు, నడుము దాకానో అంతకు మించో, దాటాలి. వేసవి వైపు వెళ్లేకొద్దీ నీళ్లు తగ్గుతాయి. కొంతదూరం వెళ్లి వచ్చిన దారినే తిరిగి రావచ్చు, లేదంటే తాళ్లతో రాతి గోడలు దిగుతూ కొంకణ్ వైపు కిందికి పోవచ్చు. రెండోది మొదలెడితే మధ్యలో మనసు మార్చుకోవడానికి లేదు, ఒకసారి తాడు దిగాక పైకి దారి ఉండదు. వానాకాలంలో లోపల అడుగు పెట్టడానికి లేదు, ఆ గోడల మధ్య నీళ్లు వస్తే మన గెడ్డలో ముసలాయన నిలబడినట్టు నిలబడే చోటు కూడా ఉండదు.

ఇక్కడికి మనకి దారి ఉండటమే విచిత్రం. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ శ్రీకాకుళం రోడ్డులో, అదే ఆమదాలవలసలో, విజయనగరంలో ఎక్కితే కల్యాణ్ దాకా ఒకే రైలు. అక్కణ్ణుంచి లోకల్‌లో కసారా, ఆపైన జీపు. ఒక రోజు పైన ప్రయాణం, దిగేసరికి నడుము లేవదు. దిగిన రోజే లోయలోకి వెళ్లాలనుకోవద్దు, సామ్రద్‌లో ఒక రాత్రి పడుకోండి. తాళ్ల దారి అయితే అక్కడి ట్రెక్కింగ్ బృందంతోనే. ఒక బృందం మా గుంపులో ముప్పై మందిని వేసి, ఒక్క తాడుతో అందర్నీ దించేసరికి చీకటి పడింది, చివరి ఆరుగురం సెల్‌ఫోన్ వెలుగులో బండలు దాటాం. డబ్బు కట్టేముందు ఎంతమంది వస్తున్నారు, తాళ్లు ఎన్ని, హెల్మెట్ మనిషికొకటి ఇస్తారా అని అడగండి. నసిగితే వేరే వాళ్లని చూసుకోండి.

పాపికొండలు ఎందుకు రాయలేదని అడుగుతారు. గోదావరి గండి అందమే, కాదన్ను. కానీ అది పడవ ప్రయాణం, కాళ్లకి పనిలేదు. డుడుమ జలపాతం కూడా అంతే, పైనుంచి చూసి రావడమే. మహేంద్రగిరి ఎక్కి నడిచే కొండ, లోయ కాదు, దాని గురించి రాస్తే ఇంకో ఇంత అవుతుంది.

మరి ఎవరు ఎటు?

ఎప్పుడూ నడవనివాళ్లు, ఒక్క ఆదివారమే ఖాళీ ఉన్నవాళ్లు కటికికి పోండి. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే అలవాటుండి, బండల మీద కాలు నిలిచేవాళ్లు నవంబరులో తుపాను లేని వారం చూసి సీతంపేట గెడ్డలు. అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకెళ్లాలంటే గండికోట, సంక్రాంతి ముందూ వెనకా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా కోటలో గుడి దాకా వచ్చి కూర్చోగలరు, మిగతావాళ్లు అంచు దాకా వెళ్లి రావచ్చు. సంధాన్ మాత్రం, ఇంతకు ముందు మన గెడ్డల్లో రెండు మూడుసార్లు తడిసి, జారి, లేచినవాళ్లకే. ఖర్చు పెట్టగలిగారు కదా అని నేరుగా అక్కడికి పోవడం నాకు నచ్చదు. నన్ను అడిగితే, ఒక్కటే ఎంచుకోమంటే, సీతంపేటే. బూట్లు పోయినా సరే.

బూట్ల మాట వచ్చింది కాబట్టి: జాగింగ్ బూట్లు గెడ్డలో సబ్బు మీద నడిచినట్టే, నీళ్లు పీల్చి బరువెక్కుతాయి కూడా. పట్టు ఉన్న రబ్బరు అడుగుతో, మడమకి పట్టీ ఉన్న చెప్పులు ఇంతకంటే మేలు, వాటిని కాళ్లకే ఉంచండి, బండ మీద కాదు. పచ్చగా మెరిసే బండ కంటే గరుకుగా ఉన్న నల్ల బండ మీద కాలు పెట్టండి. చేతికర్ర ఒకటి, నీటి లోతు చూడటానికి. ఫోన్ రెండు ప్లాస్టిక్ కవర్లలో. సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఎన్ని గంటలకి తిరిగొస్తామో ఇంట్లోనో టీ కొట్టు దగ్గరో చెప్పి వెళ్లండి. ఏజెన్సీలో రాత్రి ఉంటే దోమతెర, వచ్చాక కొన్ని వారాల తర్వాతైనా సరే జ్వరం వస్తే మలేరియా పరీక్ష, డాక్టరుకి కొండకి వెళ్లొచ్చామని చెప్పి మరీ. తిండికి చోడి, అంటే రాగి, పిండి జావ కాచి సీసాలో పోసుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలుండదు, బిస్కెట్ల కంటే నయం.

మా మేనల్లుడు ఈసారి సంధాన్ అని పట్టుబట్టాడు. నవంబరులో ఒకసారి కటికి, ఒకసారి సీతంపేట నాతో వస్తేనే డబ్బులిస్తానన్నా. ఒప్పుకున్నాడు గానీ కోణార్క్ టికెట్ మాత్రం ఇప్పుడే తీసేయమంటున్నాడు. రిజర్వేషన్ తెరిచేదే 60 రోజుల ముందు, అప్పటికి వాడి కాళ్లు ఏమంటాయో చూసి తీస్తా.